నగరం అంచునే ఉంటూ, ఆగకుండా సైకిల్ తొక్కగలిగే దారిని ఎలా వెతకాలి?

తొలిపొద్దు రాశారు:

అందరికీ నమస్కారం. నేను రోడ్డు సైకిల్ తొక్కడం మొదలుపెట్టి రెండేళ్లయింది. ఈ ఏడాది చివరికల్లా 200 కిలోమీటర్ల బ్రెవె, అంటే నిర్ణీత గడువులోగా పూర్తి చేయవలసిన దూరపు సైకిల్ ప్రయాణం, ఒకటి పూర్తి చేయాలన్నది నా కోరిక. దానికి గడువు పదమూడున్నర గంటలు. మధ్యలో మనం ఎంతసేపు ఆగినా గడియారం ఆగదు కనుక, ఒకసారి సీటెక్కితే గంటన్నర, రెండు గంటలు ఏకధాటిగా తొక్కడం అలవాటు చేసుకోవాలని అనుభవం ఉన్నవారు చెప్పారు. నా చిక్కంతా అక్కడే ఉంది. మా ఇంటి నుంచి ఏ దిక్కుకు బయలుదేరినా నగరమే.

పోయిన ఆదివారం లెక్క పెట్టుకుంటూ తొక్కాను. 36 కిలోమీటర్లలో 31 సార్లు కాలు నేల మీద ఆనించవలసి వచ్చింది. వాటిలో సిగ్నళ్లు సగమే. మిగిలినవన్నీ ఉన్నట్టుండి అడ్డం వచ్చిన బస్సులు, డివైడరులో తెరిచి ఉంచిన సందులోంచి వెనక్కి మళ్లే కార్లు, రోడ్డు మొత్తాన్నీ ఆక్రమించిన గుంతలు. ఒకచోట సరిగ్గా ఊపు అందుకుని గేరు మార్చేలోపు ముందున్న ఆటో ఎవరినో ఎక్కించుకోవడానికి ఆగిపోయింది. పెద్ద గేరులో చిక్కుకున్న గొలుసుతో, నిలబడి తొక్కినా కదలని సైకిల్‌తో, వెనక మోగుతున్న హారన్ల మధ్య నేను పడ్డ అవస్థ ఆ రోజంతా మనసులోంచి పోలేదు.

ఫలానా రోడ్డుకు వెళ్లండి అని ఎవరైనా చెబుతారని అడగడం లేదు, ఎందుకంటే మనమందరం ఒక ఊరివాళ్లం కాము. ఏ నగరానికైనా పనికొచ్చేలా, అలాంటి దారిని వెతికే పద్ధతి తెలుసుకోవాలన్నదే నా ప్రశ్న.

కొలమానం రాశారు:

తొలిపొద్దు గారూ, మీరు ఆగిన చోట్లను లెక్కపెట్టడం చాలా మంచి పని. ఈ విషయంలో చాలామంది దూరాన్నీ సగటు వేగాన్నీ చూస్తారు గానీ అసలు కొలత అదే. ఆ లెక్కను ఇంకొంచెం ముందుకు తీసుకెళ్తాను.

మనిషీ సైకిలూ కలిసి 85 కిలోలు అనుకుందాం. గంటకు 30 కిలోమీటర్ల వేగంలో ఉన్నప్పుడు వాటి గతిశక్తి దాదాపు 3,000 జౌళ్లు. బ్రేకు వేసి ఆగిన ప్రతిసారీ అదంతా రిమ్ములోనో డిస్కులోనో వేడిగా మారి పోతుంది. నిలకడగా 150 వాట్లతో తొక్కేవారికి అది 20 సెకన్ల శ్రమ. అంటే మీ 31 ఆగుళ్లకు పది నిమిషాల శ్రమ వృథా అయిందన్నమాట. వినడానికి పెద్ద నష్టంలాగే ఉంది గానీ, సాధనకు వచ్చేసరికి నన్ను అంతకంటే ఎక్కువ బాధించే లెక్క ఇంకొకటి ఉంది. 36 కిలోమీటర్లను 31తో భాగిస్తే సగటున ప్రతి కిలోమీటరుకూ, అంటే మూడు నిమిషాలకు ఒకసారి మీరు ఆగారు. శ్రమకు తగ్గట్టు ఊపిరీ గుండె వేగమూ ఒక నిలకడకు రావడానికే రెండు మూడు నిమిషాలు పడుతుంది. ఆ నిలకడ వచ్చీ రాగానే మీరు కాలు కింద పెట్టేస్తున్నారు. మీరు ఆ రోజు చేసినది 36 కిలోమీటర్ల ప్రయాణం కాదు, ముప్పై చిన్న చిన్న పరుగులు. అందుకే అలసట ఎక్కువగా ఉండి ఫలితం తక్కువగా ఉంటుంది.

కాబట్టి నా సలహా ఏమిటంటే, ఏ దారినైనా పది కిలోమీటర్లకు ఎన్నిసార్లు కాలు దించారన్న ఒక్క అంకెతోనే పోల్చండి. రెండు, లేదా అంతకంటే తక్కువ ఉంటే అది సాధనకు పనికొచ్చే దారి. అయిదు దాటితే దాన్ని బయటికి వెళ్లే తోవగానే చూడండి.

పటంచూపు రాశారు:

నేను కొత్త ఊరికి మారిన ప్రతిసారీ ముందు పటం ముందు కూర్చుంటాను. అందరూ పటంలో రోడ్లను వెతుకుతారు. నేను రోడ్లు దాటలేని వాటిని వెతుకుతాను. నది, పెద్ద కాలువ, జలాశయం, రైలు పట్టాలు, విమానాశ్రయపు ప్రహరీ, అడవి హద్దు, ఇలాంటివి. వాటి వెంబడి నడిచే రోడ్డుకు ఒకవైపు నుంచి అడ్డదారులేవీ వచ్చి కలవవు కనుక కూడళ్లు దాదాపు సగానికి సగం తగ్గిపోతాయి. అంతేకాదు, ఏటికి ఒక వంతెనకూ మరో వంతెనకూ మధ్య ఎనిమిది కిలోమీటర్ల దూరం ఉంటే, ఆ ఎనిమిది కిలోమీటర్ల గట్టు మీద రోడ్డుకు అవతలి ఒడ్డుకు పోయే వాహనాలతో పని ఉండదు. రద్దీ అంతా వంతెనల దగ్గరే పోగవుతుంది. అడ్డంకి వెంట తొక్కాలి, దాన్ని దాటకూడదు. ఇది నేను ఏళ్ల తరబడి పాటిస్తున్న సూత్రం.

రెండోది, వేరే చోటుకు దారి తీయని రోడ్లు. ఆనకట్ట దాకా వెళ్లి ఆగిపోయే రోడ్డు, కొండ మీది ఒకే ఒక్క ఊరికి వెళ్లే రోడ్డు, మూడువైపులా నీళ్లున్న నేల చుట్టూ తిరిగే రోడ్డు. అక్కడ పని ఉన్నవారు తప్ప వేరెవరూ అటు రారు. వాహనాలు నడిపేవారు దగ్గరి దారి వెతుక్కునే అవకాశం లేని చోటే మనకు ప్రశాంతత దొరుకుతుంది.

మూడోది, బైపాస్ పడిన తర్వాత మిగిలిపోయిన పాత రహదారి. పెద్ద రోడ్డుకు సమాంతరంగా ఒకటి రెండు కిలోమీటర్ల దూరంలో ఊళ్ల మధ్య నుంచి వెళ్లే పాత దారి చాలాచోట్ల ఇంకా చక్కగానే ఉంటుంది. దాన్ని వేసింది పెద్ద రద్దీని మోయడానికి కనుక వెడల్పు ఉంటుంది, ఆ రద్దీ కొత్త రోడ్డు మీదికి వెళ్లిపోయింది కనుక ఖాళీగా ఉంటుంది.

పనిముట్ల విషయానికి వస్తే, 2004లో మొదలైన ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో బాగా దగ్గరికి వెళ్లి చూస్తే సిగ్నళ్లకు, రైల్వే గేట్లకు గుర్తులు కనబడతాయి. వాటిని వేలుతో లెక్కపెట్టుకుంటూ పోవచ్చు. అయితే అది స్వచ్ఛందంగా పనిచేసేవారు నింపిన పటం కనుక, గుర్తు లేనంత మాత్రాన సిగ్నల్ లేదని అనుకోకూడదు. ప్రయాణాలను నమోదు చేసే స్ట్రావా యాప్ వారి హీట్ మ్యాప్‌లో సైకిళ్లు ఎక్కువగా తిరిగిన దారులు మెరుస్తూ కనిపిస్తాయి. దాన్ని చదవడంలో కూడా ఒక మెలకువ ఉంది. ఒక గీత బాగా మెరుస్తున్నదంటే ఆ దారి మంచిదని కాదు, చాలామంది అటు వెళ్తారని మాత్రమే అర్థం. నగరంలోంచి బయటపడటానికి ఉన్నది ఒకే వంతెన అయితే ఆ వంతెన ఎంత ఘోరంగా ఉన్నా పటంలో ధగధగలాడుతూనే ఉంటుంది. నేను చూసేది నగరానికి దూరంగా, దేనికీ దగ్గరి దారి కాకుండా, ఊరికే గుండ్రంగా మెరిసే గీతలను. పని లేకపోయినా జనం అక్కడికి సైకిల్ వేసుకుని వెళ్తున్నారంటే ఆ రోడ్డులో ఏదో సుఖం ఉందన్నమాట.

జోరుచక్రం రాశారు:

ఇంత వెతుకులాట అవసరం లేదనిపిస్తోంది. నాలుగు వరసల రహదారి అంచున వాహనాల కోసం గీసిన గీతకు ఇవతల మీటరున్నర, రెండు మీటర్ల వెడల్పున తారు ఉంటుంది. తెల్లవారుజామున వెళ్తే ముప్పై కిలోమీటర్లదాకా ఒక్క సిగ్నల్ కూడా తగలదు, తారు నున్నగా ఉంటుంది, ఎత్తుపల్లాలు తక్కువ. ఎక్స్‌ప్రెస్‌వేల మీద సైకిళ్లకు చాలా దేశాల్లో అనుమతి ఉండదు కనుక అది ముందు తెలుసుకోవాలి, కానీ మామూలు రహదారి మీద తొక్కడానికి భయపడవలసిన పని లేదు. మూడేళ్లుగా నేను వారానికి మూడు రోజులు అలాగే సాధన చేస్తున్నాను. పది కిలోమీటర్లకు కాలు దించడం అన్న లెక్కలో నా అంకె సున్నా.

నీలిగట్టు రాశారు:

జోరుచక్రం గారూ, మీ అనుభవాన్ని కాదనడం లేదు. నేను కూడా రెండేళ్లు అలాగే తొక్కినవాడినే. కానీ కొత్తవారు చదువుతున్న చోట ఈ మాటకు రెండో వైపు చెప్పకపోతే తప్పవుతుంది.

రహదారి మీద సిగ్నళ్లు లేకపోవచ్చు గానీ కూడళ్లు లేకపోలేదు. అవి ఏటవాలుగా వచ్చి కలిసే దారుల రూపంలో ఉంటాయి. మీ ఎడమన ఉన్న అంచు ఒక్కసారిగా రెండుగా చీలి, ఒక పాయ కిందికి దిగే దారిలోకి వెళ్లిపోతుంది. ఆ క్షణంలో మీరు నేరుగా వెళ్లాలంటే, దిగడానికి వేగంగా వస్తున్న వాహనాల వరసకు అడ్డంగా పోవాలి. గంటకు వంద కిలోమీటర్ల వేగంతో వచ్చే కారుకూ ముప్పైతో వెళ్లే మీకూ మధ్య తేడా డెబ్భై. రెండు వందల మీటర్ల వెనక ఉన్న కారు పది సెకన్లలో మీ వెనక చక్రం దగ్గర ఉంటుంది. వెనక్కి తిరిగి చూసి, అంచనా వేసి, నిర్ణయం తీసుకోవడానికి ఆ పది సెకన్లలో మీకు మిగిలేది రెండు మూడే.

నాకు జరిగింది కూడా అలాంటి చోటే. వెనక్కి చూశాను, దూరంగా ఒక లారీ తప్ప ఏమీ కనబడలేదు, నేరుగా వెళ్లాను. ఆ లారీ వెనక దాగి ఉన్న కారు దాన్ని ఎడమవైపు నుంచి దాటి దిగే దారిలోకి దూసుకొచ్చింది. దాని అద్దం నా మోచేతికి తగిలిందో, దాని గాలే తగిలిందో ఇప్పటికీ చెప్పలేను. గడ్డిలో పడ్డాను కనుక చర్మం గీసుకుపోవడంతో బయటపడ్డాను. లేచి కూర్చునేసరికి నా ముందు చక్రం గాలిలో ఇంకా తిరుగుతూనే ఉంది. ఆ చక్రం ఆగేదాకా దాన్నే చూస్తూ ఉండిపోయాను. ఆ రోజు నుంచి నేను కాలువ గట్టుకు మారిపోయాను. అక్కడ నా అంకె సున్నా కాదు, పది కిలోమీటర్లకు ఒకటిన్నర. ఆ ఒకటిన్నరను నేను సంతోషంగా భరిస్తాను.

జోరుచక్రం రాశారు:

నీలిగట్టు గారూ, మీరు క్షేమంగా ఉన్నందుకు సంతోషం. దిగే దారుల దగ్గర ప్రమాదం ఉన్న మాట నిజమే, నేను దాన్ని తక్కువ చేసి రాశాను. నేను అక్కడ వేగం బాగా తగ్గించి, అంచు వెంబడే దిగే దారిలోకి కొంత దూరం వెళ్లి, వెనక ఖాళీ అయ్యాక అడ్డంగా, తక్కువ దూరంలో దాటి మళ్లీ రహదారి అంచును పట్టుకుంటాను. అంటే నిజానికి అక్కడ ఆగుతున్నట్టే, కాబట్టి నా అంకె సున్నా అన్నది కూడా సరికాదు.

ఇంకొక విషయం దాచకుండా చెప్పాలి. రహదారి అంచున పంక్చర్లు ఎక్కువ. పేలిపోయిన లారీ టైర్లలోంచి వెంట్రుకంత సన్నని ఉక్కు తీగముక్కలు రాలి ఉంటాయి. అవి కంటికి కనబడవు. ట్యూబు మార్చి, టైరు లోపల వేలు పెట్టి తడిమినా తగలకుండా రబ్బరులో దాక్కుని, అయిదు కిలోమీటర్లు వెళ్లాక కొత్త ట్యూబును కూడా పొడుస్తాయి. ఇప్పుడు నేను టైరును లోపలికీ బయటికీ తిరగేసి దూది ముక్కతో తుడుస్తాను. దూది పోగు ఎక్కడ చిక్కుకుంటే తీగ అక్కడ ఉన్నట్టు. అంత వెతుకులాట తర్వాత గోళ్లు కత్తిరించే సాధనంతో దాన్ని బయటికి లాగినప్పుడు ఇంత చిన్నదా అనిపిస్తుంది.

వానకోయిల రాశారు:

ఇక్కడ అందరూ ఖాళీ రోడ్డే మంచి రోడ్డు అన్నట్టు రాస్తున్నారు. ఒంటరిగా తొక్కే స్త్రీగా నా లెక్క వేరుగా ఉంటుంది. వాహనాలు లేని దారి అంటే మనుషులు లేని దారి అని కూడా అర్థం. గొలుసు తెగినా, పడిపోయినా, ఎవరైనా వెంబడించినా అడగడానికి ఒక మనిషి కూడా లేని పదిహేను కిలోమీటర్ల గట్టు నాకు స్వేచ్ఛగా అనిపించదు. అందుకని ఏ దారినైనా మొదటిసారి మరొకరితో కలిసి వెళ్తాను. ఫోనుకు సంకేతం ఎక్కడెక్కడ పోతుందో, మధ్యలో ఊరు గానీ కాపలాదారు ఉండే చోటు గానీ ఎన్ని కిలోమీటర్లకు ఒకటి వస్తుందో గుర్తు పెట్టుకుంటాను. సంకేతం వరసగా మూడు నాలుగు కిలోమీటర్లు లేని దారికి ఒంటరిగా వెళ్లను. నేను ఎక్కడ ఉన్నానో ఇంట్లో వారికి ఎప్పటికప్పుడు తెలిసేలా ఫోనులో ఏర్పాటు చేసుకుంటాను. ఇంకా ముఖ్యమైన సంగతి, దారుల వివరాలు పంచుకునేటప్పుడు మన ఇంటి నుంచి బయలుదేరే మొదటి కిలోమీటరు, తిరిగి వచ్చే చివరి కిలోమీటరు కనబడకుండా దాచండి. రోజూ ఒకే వేళకు ఒకే చోటు నుంచి బయలుదేరుతామని అందరికీ తెలియవలసిన పని లేదు.

కుక్కల గురించి ఎవరూ రాయలేదు కనుక అది కూడా చెబుతాను. ఖాళీ దారుల్లో నన్ను ఆపినవి సిగ్నళ్లకంటే అవే ఎక్కువ. అవి కాపలా కాసేది తమ హద్దును. ఆ హద్దు దాటగానే చాలావరకు వెనక్కి తగ్గిపోతాయి. నేను పారిపోవడానికి చూడను, వేగంగా తిరిగే కాళ్లూ చక్రాలే వాటిని రెచ్చగొడతాయి. దిగి, సైకిల్‌ను వాటికీ నాకూ మధ్య ఉంచుకుని, మాట్లాడకుండా మెల్లగా నడుస్తాను. ఎక్కువలో ఎక్కువ యాభై అడుగులు. ప్రతివారం అదే మలుపు దగ్గర అవే కుక్కలు ఉంటే మాత్రం ఆ దారిని వదిలేయడమే మేలు, ఎందుకంటే రెండు గంటల ప్రయాణంలో సగం ఆ మలుపు గురించిన ఆలోచనతోనే గడిచిపోతుంది.

మలిజాము రాశారు:

చిన్న చేర్పు. చాలాచోట్ల మనకు కావలసినది వేరే రోడ్డు కాదు, అదే రోడ్డుకు వేరే వేళ. నేను వెళ్లే దారిలో ఉదయం ఆరింటికి కాలు దించింది మూడు సార్లు, ఏడుంబావుకు పద్నాలుగు సార్లు. పారిశ్రామిక వాడల్లో విశాలమైన రోడ్లు సెలవు రోజున పూర్తిగా ఖాళీగా ఉంటాయి, మిగిలిన రోజుల్లో అడుగు పెట్టలేము.

సూర్యుడి సంగతి కూడా చూసుకోండి. పొద్దు పొడిచిన మొదటి అరగంట తూర్పుకు తొక్కితే ఎండ మన కళ్లలో పడటం ఒక ఎత్తు, మన వెనక వచ్చే డ్రైవరు కళ్లలో కూడా పడి అతనికి మనం కనిపించకపోవడం మరొక ఎత్తు. ఆ అరగంట ఉత్తరానికో దక్షిణానికో సాగేలా దారిని మలుచుకుంటాను. పడమటికి వెళ్తే వెనకనుంచి వచ్చేవారికి బాగానే కనబడతాము గానీ, ఎదురుగా వచ్చి మన ముందు నుంచి మలుపు తిరిగే వారికి కనబడము. వెనక ఎర్ర దీపం పట్టపగలు కూడా వెలిగించే ఉంచండి.

చుట్టుబాట రాశారు:

పొడవైన దారి కోసం వెతకడం మానుకున్నాకే నా సాధన కుదుటపడింది. నగరం పక్కన ఆటంకాలు లేని నలభై కిలోమీటర్ల రోడ్డు దొరకడం దాదాపు అసాధ్యం. ఆటంకాలు లేని ఆరు కిలోమీటర్ల చుట్టు మాత్రం దాదాపు ప్రతి నగరానికీ ఒకటైనా ఉంటుంది. దాన్ని ఏడుసార్లు తిరిగితే మీకు కావలసిన దూరం వచ్చేస్తుంది.

పెద్ద నగరాల్లో జనం కనిపెట్టుకున్న పరిష్కారం కూడా ఇదే. న్యూయార్క్‌లో సెంట్రల్ పార్కు లోపలి చుట్టు సుమారు పది కిలోమీటర్లు. 2018 జూన్‌లో అక్కడికి కార్లు రావడం పూర్తిగా ఆపేశారు. నడిచేవారి కోసం ఆగవలసి ఉన్నా, అంత రద్దీ నగరం నడిబొడ్డున అది సైకిల్ తొక్కేవారికి ఎంత మేలు చేస్తున్నదో చెప్పలేము. పారిస్‌లో లాంగ్‌షాన్ గుర్రప్పందేల మైదానం చుట్టూ సుమారు మూడున్నర కిలోమీటర్ల రోడ్డు ఉంది, అక్కడ సైకిళ్ల గుంపులు తిరుగుతూనే ఉంటాయి. మూడున్నర కిలోమీటర్లే! అయినా విసుగు చెందరు, ఎందుకంటే వారికి కావలసినది దృశ్యం కాదు, నిలకడ.

చుట్టు ఎంచుకునేటప్పుడు దిశ ముఖ్యం. వాహనాలు ఎడమవైపు నడిచే దేశాల్లో చుట్టును అపసవ్యంగా, అంటే గడియారం ముల్లు తిరిగే దిశకు ఎదురుగా తిరగాలి. అప్పుడు మలుపులన్నీ ఎడమకే వస్తాయి, ఎదురుగా వచ్చే వాహనాలకు అడ్డంగా ఒక్కసారి కూడా పోనక్కరలేదు. ఆ చుట్టు ఒక చెరువుదైతే ఇంకా మంచిది. నీళ్లు మీ ఎడమన ఉంటాయి కనుక మీ వైపు నుంచి ఏ పక్కదారీ వచ్చి కలవదు. వాహనాలు కుడివైపు నడిచే చోట దీన్ని తిరగేసుకోవాలి.

చుట్టులో మరో సౌకర్యం ఉంది. మొదటిసారి తిరిగినప్పుడే గుంతలన్నీ తెలిసిపోతాయి. మూడో చుట్టుకు ఏ మలుపులో ఇసుక ఉందో, ఏ గేటులోంచి వాహనం రావచ్చో మీ చేతులకే తెలుస్తుంది. పంక్చరైనా, వాన వచ్చినా మీరు బయలుదేరిన చోటికి మూడు కిలోమీటర్లకంటే దూరంలో ఉండరు. వానకోయిల గారు చెప్పిన భయానికి కూడా ఇది కొంత సమాధానం అవుతుందనుకుంటాను, ఎందుకంటే ఒకే దారిలో నాలుగైదు సార్లు కనిపించిన మనిషిని అక్కడివారు గుర్తుపెట్టుకుంటారు.

వానకోయిల రాశారు:

చుట్టుబాట గారూ, చాలావరకు అంగీకరిస్తాను. అయితే అక్కడివారు గుర్తుపెట్టుకోవడం అన్నది మంచికీ చెడుకీ కూడా పనికొస్తుంది. నేను వారంలో రోజును, బయలుదేరే వేళను మారుస్తూ ఉంటాను.

పటంచూపు రాశారు:

చుట్టును కనిపెట్టడానికి అడ్డంకుల సూత్రమే పనికొస్తుంది. రెండు అడ్డంకులు దగ్గరగా సమాంతరంగా సాగే చోటు చూడండి, ఉదాహరణకు కాలువకూ రైలు పట్టాలకూ మధ్య ఇరుక్కున్న నేల. దాని రెండు వైపులా రోడ్లుండి, రెండు చివరలా కలిపే దారులుంటే అది తయారుగా ఉన్న చుట్టే. ఉపగ్రహ చిత్రాన్ని మాత్రం నమ్మకండి. పైనుంచి చూస్తే తారుకూ గట్టిపడిన కంకరకూ తేడా తెలియదు, ఆ చిత్రం ఎప్పటిదో కూడా చూసుకోవాలి.

ఇక నగరంలోంచి బయటపడే మొదటి పది కిలోమీటర్ల గురించి. దాన్ని సాధనలో భాగంగా లెక్కపెట్టకండి. చిన్న గేరులో, ఒళ్లు వేడెక్కడానికి మాత్రమే తొక్కండి. మీ దగ్గర సిగ్నళ్లు ఒకదానితో ఒకటి పొందికగా పనిచేసేవైతే, మధ్యలో వేగం పెంచకుండా ఒకే వేగంతో వెళ్లి చూడండి. కోపెన్‌హాగెన్‌లో నోరెబ్రోగేడ్ అనే వీధిలో ఉదయంపూట గంటకు 20 కిలోమీటర్ల వేగంతో వెళ్లే సైకిళ్లకు వరసగా పచ్చదీపాలు పడేలా సిగ్నళ్లను సర్దారు. మన దగ్గర వాటిని సర్దింది కార్ల కోసమే అయినా, ఏ వేగానికి ఎన్ని పచ్చదీపాలు దొరుకుతున్నాయో నాలుగు రోజులు గమనిస్తే తెలిసిపోతుంది. సైకిల్‌ను రైల్లోనో కారులోనో నగరం అంచుదాకా తీసుకెళ్లగలిగితే అంతకంటే మంచిది లేదు.

తొలిపొద్దు రాశారు (మూడు వారాల తర్వాత):

అందరికీ కృతజ్ఞతలు. మీరు చెప్పినవన్నీ చేసి చూశాను కనుక ఏం జరిగిందో రాయడం నా బాధ్యత.

మొదటి వారం పటంచూపు గారి మాట పూర్తిగా వినలేదు. పటంలో ఏటి ఒడ్డున చక్కగా కనిపించిన రోడ్డు ఒకటి ఉపగ్రహ చిత్రంలో కూడా నల్లగా, వెడల్పుగా ఉంది. అక్కడికి వెళ్తే నాలుగో కిలోమీటరు తర్వాత తారు అయిపోయి కంకర వచ్చింది. నావి 25 మిల్లీమీటర్ల సన్నని టైర్లు. రెండు కిలోమీటర్లు సైకిల్‌ను నడిపించుకుంటూ వెళ్లి, అవతల కూడా అంతేనని తెలిశాక మళ్లీ రెండు కిలోమీటర్లు నడిపించుకుంటూ తిరిగి వచ్చాను.

రెండో వారం మరొక చోట రోడ్డు బాగానే ఉంది గానీ ఇసుక లారీలు తిరుగుతున్నాయి. రోడ్డుకు ఎడమ అంచున ఉన్న చెట్ల ఆకులు తెల్లగా దుమ్ము పట్టి ఉండి, కుడివైపు ఆకులు పచ్చగా ఉండటం నేను వెళ్లేటప్పుడే చూశాను, కానీ దాని అర్థం తెలియలేదు. నిండు లారీలు ఒకే వైపు నుంచి వస్తున్నాయన్నమాట. ఇకమీద కొత్త దారిలో ముందు చెట్ల ఆకులు చూస్తాను.

మూడో వారం దొరికింది. కాలువకూ రైలు పట్టాలకూ మధ్య 7.4 కిలోమీటర్ల చుట్టు. వేగం తగ్గించవలసిన చోట్లు రెండే, ఒకటి ఇరుకు వంతెన, రెండోది ఊరి చివర బడి దగ్గరి మలుపు. ఇంటి నుంచి తొమ్మిది కిలోమీటర్లు మెల్లగా తొక్కుకుంటూ వెళ్లి, అపసవ్య దిశలో ఆరు చుట్లు తిరిగాను. 44.4 కిలోమీటర్లు, గంటా నలభై ఆరు నిమిషాలు, నాలుగుసార్లు మాత్రమే కాలు దించాను. కొలమానం గారి లెక్కలో పది కిలోమీటర్లకు ఒకటికంటే తక్కువ. నాలుగో చుట్టులో, ఎంతసేపటి నుంచో గేరు మార్చలేదని గమనించాను. కాళ్లు వాటంతట అవే తిరుగుతున్నాయి, ఊపిరి ఒక వరసలో పడింది, చెవులకు గొలుసు చప్పుడు తప్ప మరేమీ వినబడటం లేదు. రెండేళ్లుగా తొక్కుతున్నా నా సైకిల్ గొలుసు చప్పుడు ఇలా ఉంటుందని నాకు ఆ రోజే తెలిసింది.

వానకోయిల గారూ, మీరు చెప్పినట్టు మొదటిసారి మిత్రుణ్ణి వెంటబెట్టుకుని వెళ్లాను. కాలువ వైపున ఒకటిన్నర కిలోమీటరు ఫోను సంకేతం లేదు, మిగతా అంతటా ఉంది. కుక్కలు ఒక్కచోటే ఉన్నాయి, దిగి నడిస్తే ఊరుకున్నాయి.

ఒక సందేహం మిగిలింది. కాలువ గట్టు మీద చెట్లు లేవు, ఎదురుగాలి బాగా కొడుతోంది. అయిదో చుట్టుకు ఆ వైపు వేగం గంటకు ఆరు కిలోమీటర్లు పడిపోయింది. అక్కడ శక్తి పెంచి తొక్కాలా, వేగం తగ్గనివ్వాలా?

కొలమానం రాశారు:

తగ్గనివ్వండి. గాలి నిరోధాన్ని దాటడానికి కావలసిన శక్తి వేగంకంటే చాలా త్వరగా పెరుగుతుంది కనుక, ఎదురుగాలిలో వేగాన్ని పట్టుకోవాలని చూస్తే మిగిలిన చుట్టుకు కాళ్లలో ఏమీ మిగలదు. ఊపిరి ఎలా ఉందో చూసుకుని అదే శ్రమతో తొక్కండి. చేతులు హ్యాండిల్ కింది వంపులోకి తెచ్చి, మోచేతులు కొంచెం వంచి, తల దించండి. చూపు మాత్రం రోడ్డు మీదే ఉండాలి. చుట్టు కాబట్టి ఆ గాలే అవతలి వైపు మిమ్మల్ని వెనక నుంచి తోస్తుంది.

నీలిగట్టు రాశారు:

ఎదురుగాలికంటే పక్కగాలితో జాగ్రత్త. గట్టు మీద చెట్ల వరస అయిపోయి ఖాళీ మొదలయ్యే చోట సైకిల్ ఒక్కసారిగా నీళ్లవైపు జరుగుతుంది. అక్కడికి రాకముందే అంచునుంచి ఒక మీటరు లోపలికి రండి. మీరు చెప్పిన ఆ ఇరుకు వంతెన మీద రెండు పలకలు కలిసే చోట ఇనుప అతుకు ఉందేమో కూడా చూసుకోండి. తడిగా ఉన్నప్పుడు దాన్ని ఏటవాలుగా దాటితే చక్రం జారుతుంది, నిటారుగా దాటాలి.

తొలిపొద్దు రాశారు:

ఉంది, రెండు చోట్ల ఉంది. పోయినసారి పొడిగా ఉండటంతో గమనించకుండా దాటేశాను. ఈ ఆదివారం ఎనిమిది చుట్లు అనుకుంటున్నాను, దాదాపు 59 కిలోమీటర్లు. ఇంటి నుంచి అయిదుంబావుకు బయలుదేరితే పొద్దు పొడిచేసరికి కాలువ వైపు ఉంటాను, అది ఉత్తరానికి సాగుతుంది కనుక మలిజాము గారు చెప్పిన ఎండ ఇబ్బంది కూడా ఉండదు. ఎన్నిసార్లు కాలు దించానో వచ్చాక రాస్తాను.